కత్తికి ముందు కళ్ళు తెరవాలి
మగవారి రొమ్ము తగ్గించే ఆపరేషనుకు సర్జనును ఎంచుకోవడం గూర్చి

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

ప్రతి ఏటా మన విద్యార్థి సంఘం వెలువరించే సావనీరులో దేశం గూర్చి, సాహిత్యం గూర్చి, విజ్ఞానం గూర్చి పెద్ద పెద్ద వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నేను ఎన్నుకున్న విషయం కొందరికి వింతగా తోచవచ్చు. కొందరికి నవ్వు రావచ్చు. మగపిల్లలకు రొమ్ములు పెరగడం, దానికి చేసే శస్త్రచికిత్స, ఆ శస్త్రచికిత్సకు తగిన సర్జనును ఎంచుకోవడం, ఇదీ విషయం. నవ్వు వచ్చే విషయం కనుకనే బాధపడేవాడు పైకి చెప్పుకోడు. పైకి చెప్పుకోడు కనుక సలహా చెప్పే మనిషి దొరకడు. మనిషి దొరకనప్పుడు సెల్‌ఫోనులో కనిపించే ప్రకటనే గురువైపోతుంది. ఆ గురువు చెప్పే మాట ఒక్కటే: "గంటలో ఆపరేషను, సాయంత్రానికి ఇంటికి."

హాస్టల్లో ఉండేవాళ్ళకి తెలుసు. ఎండాకాలంలో కూడా చొక్కా కింద బిగుతు బనీను వేసుకునేవాడు ఒకడుంటాడు. అందరూ స్నానాలు ముగించాకగానీ బకెట్టు తీసుకుని బయల్దేరడు. కబడ్డీ బాగా ఆడేవాడే, చొక్కా విప్పమంటారేమోనని గ్రౌండుకి రావడం మానేస్తాడు. వాడికి మనం పేర్లు పెడతాం. ఆ పేర్లే వాణ్ణి తొందరపెట్టి ఏదో ఒక క్లినిక్కు మెట్లెక్కిస్తాయి. అందుచేత ఇది వాడొక్కడి సంగతి కాదని నా అభిప్రాయం.

ఇది ఏమిటి?

వైద్యులు దీన్ని గైనకోమాస్టియా అంటారు. 'గైనే' అంటే గ్రీకు భాషలో స్త్రీ, 'మాస్టోస్' అంటే రొమ్ము. క్రీస్తు శకం 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ ఈ మాటకు కర్త అని చెప్తారు. 7వ శతాబ్దంలో ఏజినాకు చెందిన పాల్ అనే వైద్యుడు దీనికి చేసే శస్త్రచికిత్సను కూడా వర్ణించాడు. కాబట్టి ఇది ఈనాటి జంకుఫుడ్డు తెచ్చిన కొత్త రోగమేమీ కాదు. మనిషి ఎంత పాతవాడో ఇదీ అంత పాతదే.

మగవాడి శరీరంలో కూడా ఈస్ట్రోజన్ కొద్దిగా తయారవుతుందని మనం జువాలజీలో చదువుకున్నాం. అరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టిరోన్ వంటి పురుష హార్మోనులను ఈస్ట్రోజనుగా మారుస్తుంది. ఈ పని కొవ్వు కణజాలంలో కూడా జరుగుతుంది. ఈ రెండు రకాల హార్మోనుల నిష్పత్తి ఈస్ట్రోజన్ వైపు మొగ్గినప్పుడు, ప్రతి మగవాడికీ చనుమొన కింద పుట్టుకతో ఉండే ఆ కాస్త గ్రంథి పెరుగుతుంది. అంతే. ఇందులో మగతనం తగ్గడమనే మాటకు తావు లేదు.

జీవితంలో మూడు దశల్లో ఇది సహజంగానే వస్తుంది. పుట్టిన బిడ్డకు తల్లి ఈస్ట్రోజన్ వల్ల వచ్చి కొన్ని వారాల్లో పోతుంది. యౌవనం వచ్చేటప్పుడు, అంటే 13, 14 ఏళ్ళ ప్రాయంలో, మగపిల్లల్లో ఇంచుమించు సగంమందికి ఎంతో కొంత వస్తుంది. వీరిలో అత్యధికులకు ఆరునెలల నుంచి రెండేళ్ళలో దానంతటదే తగ్గిపోతుంది. ముసలితనంలో టెస్టోస్టిరోన్ తగ్గినప్పుడు మళ్ళీ వస్తుంది. ఈ లెక్క ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాలి. పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఆపరేషనుకు తీసుకువెళ్తే, మంచి సర్జను చేసే మొదటి పని వాణ్ణి వెనక్కి పంపడమే.

కారణం వెతకనివాడు సర్జను కాదు

వ్యాసానికి ప్రాణం ఈ భాగమే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

రొమ్ము పెరగడం కొన్నిసార్లు లోపల ఉన్న వేరొక సంగతికి గుర్తు. లివరు పాడైతే, ముఖ్యంగా తాగుడు వల్ల సిరోసిస్ వస్తే, ఇది రావచ్చు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, కిడ్నీలు దెబ్బతిన్నా రావచ్చు. కొన్ని మందుల వల్ల వస్తుంది. గుండెజబ్బుకీ, రక్తపోటుకీ ఇచ్చే స్పైరనొలాక్టోన్, కడుపులో మంటకి వాడే సిమెటిడిన్, ఫంగస్ రోగాలకు మింగే కీటోకొనజోల్, జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టిరైడ్, మానసిక రోగాలకు ఇచ్చే రిస్పెరిడోన్ వీటిలో కొన్ని. జిమ్ముల్లో కండలకోసం చాటుగా పొడిపించుకునే స్టెరాయిడ్ ఇంజక్షన్లు మరో ముఖ్య కారణం. బయటినుంచి ఎక్కించిన పురుష హార్మోనును శరీరం ఈస్ట్రోజనుగా మార్చేసుకుంటుంది. ఆ ఇంజక్షన్లు మానకుండా ఆపరేషను చేయించుకుంటే, మిగిలిన గ్రంథి మళ్ళీ పెరగవచ్చు.

1942లో క్లైన్‌ఫెల్టర్, ఆయన సహచరులు అమెరికాలో వర్ణించిన ఒక స్థితి ఉంది. ఆ మగవాళ్ళలో ఎక్స్ క్రోమోజోము ఒకటి ఎక్కువగా ఉంటుందని 1959లో తేలింది. జెనెటిక్సు పరీక్షకు మనం బట్టీపట్టే ఎక్స్ ఎక్స్ వై ఇదే. వీరిలో వృషణాలు చిన్నవిగా ఉంటాయి, రొమ్ము పెరుగుదల కనబడుతుంది, రొమ్ము కాన్సరు వచ్చే అవకాశం కూడా మామూలు మగవారికంటే ఎక్కువ. ఇక అన్నిటికంటే జాగ్రత్తపడవలసింది వృషణంలో గడ్డ. పడుచు మగవాళ్ళలో వచ్చే కాన్సర్లలో వృషణపు కాన్సరు ముఖ్యమైనది. వాటిలో కొన్ని హెచ్.సి.జి. అనే హార్మోనును విడుదల చేసి, దాని ద్వారా ఈస్ట్రోజనును పెంచుతాయి. అప్పుడు పైకి కనిపించేది రొమ్ము, ప్రాణానికి ముప్పు కింద. త్వరగా కనిపెడితే ఈ కాన్సరు బాగా నయమవుతుంది. కారణం చూడకుండా రొమ్ము ఒక్కటీ కోసి కుట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుచేత సర్జనును ఎంచుకోవడానికి మొదటి గీటురాయి ఇది. ఆయన ఏమేమి అడిగాడు? ఎక్కడెక్కడ చూశాడు? ఎప్పటినుంచి ఉంది, నొప్పి ఉందా, ఒకవైపేనా, ఏమేం మందులు వాడుతున్నావు, జిమ్ముకి వెళ్తావా, తాగుతావా అని అడగాలి. రొమ్ము, చంకలు, మెడలో థైరాయిడ్, పొట్ట, వృషణాలు అన్నీ పరీక్షించాలి. అవసరమనిపిస్తే టెస్టోస్టిరోన్, ఈస్ట్రడయోల్, ఎల్.హెచ్., హెచ్.సి.జి., ప్రొలాక్టిన్, థైరాయిడ్, లివరు, కిడ్నీ పరీక్షలు, అల్ట్రాసౌండు స్కాను రాయాలి. ఒకవైపే గట్టిగా, చనుమొనకు పక్కగా గడ్డ ఉన్నా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొననుంచి రక్తం వచ్చినా కాన్సరు కాదని తేల్చుకున్నాకే ముందుకు పోవాలి. మొత్తం రొమ్ము కాన్సర్లలో మగవారివి నూటికి ఒకటికన్నా తక్కువే. తక్కువంటే బొత్తిగా లేదని అర్థం కాదు గదా.

మరి కొందరిలో అసలు గ్రంథే పెరగదు. వట్టి కొవ్వు. చనుమొన కింద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూస్తే గ్రంథి అయితే రబ్బరు బిళ్ళలాగా తగులుతుంది, కొవ్వైతే మెత్తగా జారిపోతుంది. అలాంటివాడికి ముందు బరువు తగ్గమనే సర్జనే నిజాయితీపరుడు. గ్రంథి కొత్తగా, నొప్పితో పెరుగుతున్న దశలో కొందరికి టామాక్సిఫెన్ వంటి మందును డాక్టర్లు ఆలోచించి వాడతారు. ఏడాది దాటితే గ్రంథిలో పీచు కణజాలం పేరుకుంటుంది. అప్పుడు మందులకు లొంగదు. రెండేళ్ళయినా తగ్గక, కారణాలన్నీ వెతికి, మనిషి మనసు కుంగిపోతూ ఉంటే అప్పుడు ఆపరేషను మాట న్యాయమే. అది సోకు అని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

ఆపరేషను గూర్చి నాలుగు మాటలు

పని తెలియనిదే పనివాణ్ణి ఎంచలేం. 1973లో సైమన్, ఆయన సహచరులు దీన్ని తరగతులుగా విభజించారు. కొద్దిపాటి పెరుగుదల మొదటి తరగతి. మధ్యరకం పెరుగుదల, చర్మం వదులు లేకపోతే రెండు-ఎ, కొంచెం వదులుంటే రెండు-బి. బాగా పెరిగి చర్మం వేలాడితే మూడు. తరగతినిబట్టి పద్ధతి మారుతుంది.

గ్రంథిని తీయడానికి చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున అర్ధచంద్రాకారంగా కోస్తారు. 1946లో వెబ్‌స్టర్ ప్రచారంలోకి తెచ్చిన దారి ఇదే. నలుపు, తెలుపు కలిసే గీతలో మచ్చ దాగిపోతుంది. కొవ్వును చిన్న రంధ్రంగుండా గొట్టంతో లాగేస్తారు, అది లైపోసక్షన్. 1970ల చివర ఫ్రాన్సులో ఇల్లూజ్ దీనికి ఒక దారి వేశాడు. 1987లో అమెరికా వైద్యుడు క్లైన్ ప్రకటించిన పద్ధతిలో, మత్తుమందూ రక్తనాళాలను ముడిచే మందూ కలిపిన పలుచని ద్రవాన్ని ముందుగా ఎక్కిస్తారు. దానివల్ల రక్తస్రావం చాలా తగ్గింది. ఈనాడు చాలామందికి రెండూ కలిపి చేస్తారు. గ్రంథి రబ్బరులా గట్టిగా ఉన్నవాడికి కొవ్వు ఒక్కటే లాగి పంపితే బిళ్ళ అలాగే మిగిలిపోతుంది. మూడవ తరగతివాడికి చర్మం కూడా తీయవలసి రావచ్చు, మచ్చ పెద్దదవుతుంది.

వినడానికి తేలిక. అయితే చనుమొన కింద గ్రంథి మొత్తం ఊడ్చేస్తే అక్కడ సాసరులాగా గుంట పడి చనుమొన లోపలికి దిగిపోతుంది. దానికి రక్తప్రసారం తెగితే చనుమొన చర్మమే చచ్చిపోవచ్చు. ఎక్కువ ఉంచితే ఉబ్బు తగ్గదు. ఎంత తీయాలో తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు. ఎంత ఉంచాలో తెలియడం అనుభవంమీద వచ్చేది. రక్తం గడ్డకట్టడం, నీరు చేరడం, చీము పట్టడం, స్పర్శ తగ్గడం, రెండువైపులా సమంగా లేకపోవడం, మచ్చ ఉబ్బడం, ఇవన్నీ మంచి చేతుల్లో కూడా అప్పుడప్పుడు జరిగేవే. కనుక "నాకెప్పుడూ ఏ తేడా రాలేదు" అనే సర్జను ఎక్కువ ఆపరేషన్లు చేసి ఉండడు, లేదా నిజం చెప్పడం లేదు.

పేరు వెనక అక్షరాలు

మా ఇంట్లో విత్తనాలు కొనేటప్పుడు సంచిమీద బొమ్మ ఎంత పచ్చగా ఉన్నా మా నాన్న దాన్ని చూడడు. సంచికి కుట్టిన నీలం ట్యాగు చూస్తాడు. ధృవీకరించిన విత్తనానికి అదే గుర్తు. లాట్ నంబరూ తేదీ చదివించి, బిల్లు అడిగి తీసుకుంటాడు. డాక్టరు బోర్డు కూడా అలాగే చదవాలి.

మన దేశంలో ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత మూడేళ్ళు చదివితే జనరల్ సర్జరీలో ఎం.ఎస్. ఆపైన ఇంకో మూడేళ్ళు ప్లాస్టిక్ సర్జరీలో చదివితే ఎం.సి.హెచ్. దీనికి సమానంగా జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పట్టా కూడా ఉంది. ఇదివరకు డి.ఎన్.బి. అనేవారు, ఇప్పుడు డాక్టరేట్ ఆఫ్ నేషనల్ బోర్డ్ అంటున్నారు. గ్రంథి తీయడం జనరల్ సర్జన్లకు కూడా వచ్చిన విద్యే. వారిలో ఇది చక్కగా చేసేవారున్నారు. అయితే కొవ్వు, చర్మం, ఛాతీ ఆకారం కలిపి చూడడం ప్లాస్టిక్ సర్జరీ శిక్షణలో భాగం. బోర్డుమీద "కాస్మెటిక్ సర్జను" అని మాత్రమే ఉంటే అది పట్టా పేరు కాదని గుర్తుంచుకోవాలి. ఫెలో, మెంబరు, సర్టిఫైడు అనే మాటలు కొద్ది రోజుల శిక్షణకూ వాడతారు, చందా కట్టిన సంఘాలకూ వాడతారు. వాటి వెనక అసలు పట్టా ఏమిటో అడగాలి.

అడగడానికి మొహమాటమైతే ఇంకో దారుంది. 2020 సెప్టెంబరు 25న భారత వైద్య మండలి స్థానంలో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. డాక్టర్ల రిజిస్టరు దాని వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్ళున్నాయి. మందులచీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది నియమం. ఆ నంబరు పట్టుకుని వెతికితే పేరు, చదువు, సంవత్సరం తెలుస్తాయి. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం ఒక శాఖలో ప్రత్యేక అర్హత లేనివారు ఆ శాఖ స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. రోగిని పంపినందుకు కమీషను ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. కాబట్టి మనూరి ఆరెంపీగారో, జిమ్ము కోచో "ఫలానాచోటికే వెళ్ళు" అని పదేపదే అంటే ఎందుకంటున్నారో ఒక్కసారి ఆలోచించండి.

మేము చూసిన రెండు తలుపులు

నా రూమ్మేటు ఒకడు నాలుగేళ్ళుగా ఈ బాధ పడ్డాడు. పేరు రాయకుండా రాసుకోమని వాడే అన్నాడు. వాడికి తోడుగా నేను రెండుచోట్లకు వెళ్ళాను.

మొదటిది పట్నంలో ప్రకటన చూసి వెళ్ళిన క్లినిక్కు. ఏ.సి. గది, కాఫీ ఇచ్చారు. కౌన్సిలరు అనే ఆయన వచ్చాడు, డాక్టరు కాదు. చొక్కా విప్పించి తన సెల్‌ఫోనులో ఫోటోలు తీశాడు. ఒక ఆల్బం చూపించాడు. "ఇవాళ అడ్వాన్సు కడితే పాతిక శాతం తగ్గిస్తాం, ఎల్లుండే ఆపరేషను" అన్నాడు. ఎవరు చేస్తారని నేనడిగితే "మా టీములో అందరూ పెద్ద డాక్టర్లే" అన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఏం మందులు వాడుతున్నావని వాణ్ణి ఒక్కమాట అడగలేదు. వాళ్ళ నాన్న మిరపకాయలు అమ్మిన డబ్బు వాడి అకౌంటులో ఉంది. వాడు కార్డు తీయబోయాడు కూడా. "ఇంట్లో అడిగి చెప్తాం" అని నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. నెలరోజులపాటు వాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

రెండవది ఒక ప్రభుత్వాసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ ఓ.పి. పొద్దున్నే క్యూలో నిలబడితే పదకొండున్నరకి లోపలికి పిలిచారు. కాఫీ లేదు, కుర్చీ కూడా ఒకటే. అయితే ఆ డాక్టరుగారు పావుగంటసేపు ప్రశ్నలడిగారు. తెర లాగి ఒళ్ళంతా పరీక్షించారు. రక్తపరీక్షలు, స్కాను రాశారు. రిపోర్టులన్నీ మామూలుగా వచ్చాక, "రెండు-ఎ తరగతి బాబూ, గట్టిపడిపోయింది, మందులతో పోదు. ఆపరేషను చేయించుకోవచ్చు, చేయించుకోకపోయినా ప్రాణానికేం లేదు. పరీక్షలు రాసుకుని రా, తొందరేం లేదు" అన్నారు. కాగితంమీద బొమ్మ గీసి ఎక్కడ కోస్తారో చూపించారు. లోపల నీరు చేరవచ్చని, చేరితే సూదితో తీస్తామని, రెండువైపులా కొలిచినట్టు సమంగా రాకపోవచ్చని ముందే చెప్పారు.

సెలవుల్లో ఆపరేషను జరిగింది. చెప్పినట్టే పదోరోజున ఎడమవైపు నీరు చేరింది. రెండుసార్లు సూదితో తీశారు. ముందే విని ఉన్నాడు కనుక వాడు బెదరలేదు. తీసిన గ్రంథిని మైక్రోస్కోపు పరీక్షకు పంపారు, అందులో చెడ్డదేమీ లేదని వచ్చింది. ఆరువారాలు బిగుతు జాకెట్టు తొడుక్కుని తిరిగాడు. ఇప్పుడు వాడి ఛాతీ అద్దంలో బొమ్మలాగా లేదు, మామూలు మనిషి ఛాతీలాగా ఉంది. వాడికి కావలసిందీ అదే.

ప్రైవేటు అంతా చెడ్డదని గానీ, ప్రభుత్వాసుపత్రి అంతా మంచిదని గానీ దీన్నుంచి ఎవరూ అర్థం తీయవద్దు. హైదరాబాదు ఉస్మానియాలోను, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలోను ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ప్రైవేటులో చేయించుకోదలచినవారు కూడా ఇటువంటి చోట ఒకసారి చూపించుకుంటే రెండో అభిప్రాయం దొరుకుతుంది. రెండో అభిప్రాయం తీసుకుంటానంటే కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర రెండోసారి కూర్చోనక్కర్లేదు.

అడగవలసిన ప్రశ్నలు

ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. సొంత ఒంటిమీద కత్తి పెట్టించుకునేవాడు ఈ పాటి ప్రశ్నలు అడగడం తప్పు కాదు. కాగితంమీద రాసుకుని వెళ్ళండి. లోపలికి వెళ్ళాక సగం మర్చిపోతాం.

1. నాది గ్రంథా, కొవ్వా, రెండూనా? ఏ తరగతి? కారణం ఏమిటి? జవాబు నా ఒంటిని చూసి చెప్పాలి, పాంప్లెటు చూసి కాదు.

2. ఆపరేషను స్వయంగా మీరే చేస్తారా? చూసినవారొకరు, కోసేవారు మరొకరు కాకూడదు. పేరు కాగితంమీద ఉండాలి.

3. ఇలాంటివి ఎన్ని చేశారు? నా తరగతివాళ్ళ ఫోటోలు, కనీసం ఆరునెలల తర్వాత తీసినవి చూపగలరా? ఆపరేషనైన వారానికి తీసిన ఫోటోకు విలువ తక్కువ. వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది. నా ఫోటోలు ఎవరికి చూపిస్తారన్నదీ అడగాలి. గుర్తుపట్టేలా రోగి ఫోటోను అనుమతి లేకుండా ప్రచురించకూడదని నియమం ఉంది.

4. మత్తు ఏది, ఎవరిస్తారు? పూర్తి మత్తయినా, సగం మత్తయినా పక్కన మత్తు డాక్టరు ఉండాలి. చోటుకు మాత్రమే ఇచ్చే మత్తుమందు కూడా మోతాదు మించితే గుండెకూ మెదడుకూ ప్రమాదం.

5. ఎక్కడ చేస్తారు? ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉందా, ఆక్సిజన్ ఉందా, రాత్రి రక్తస్రావమైతే మళ్ళీ థియేటరు తెరిచేవారున్నారా? మొదటి ఇరవైనాలుగు గంటల్లో రక్తం చేరి ఒకవైపు హఠాత్తుగా ఉబ్బితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

6. తీసిన గ్రంథిని పేథాలజీ పరీక్షకు పంపుతారా?

7. ఏ తేడాలు రావచ్చు? మళ్ళీ సరిచేయవలసి వస్తే ఖర్చు ఎవరిది?

8. ఆపరేషను చేయించుకోకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులోనే మనిషి తెలుస్తాడు. నిజాయితీపరుడు "ఏమీ కాదు, నీ ఇష్టం" అనగలడు.

సంతకం, డబ్బు

సమ్మతి పత్రంమీద సంతకం పెట్టేముందు చదవండి. ఇంగ్లీషులో అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకోండి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, రోగికి చికిత్స స్వభావం, లాభనష్టాలు, వేరే మార్గాలు చెప్పి తీసుకున్నదే నిజమైన సమ్మతి అన్నది. ఒక పనికిచ్చిన సమ్మతి, ప్రాణాపాయం వంటి అత్యవసరంలో తప్ప, వేరొక పనికి చెల్లదని కూడా అన్నది. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి తల్లిదండ్రుల సంతకం కావాలి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నియమావళిలో ఉంది. డబ్బు కట్టి పొందే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇవి డాక్టరుతో తగువుకోసం చెప్పడం లేదు. హక్కు తెలిసినవాడు ప్రశ్న మర్యాదగా అడగగలడు.

ఖర్చు విషయంలో అంకె ఒక్కటీ చూసి మురిసిపోవద్దు. అందులో సర్జను ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటరు, గది, మందులు, బిగుతు జాకెట్టు, పేథాలజీ, తర్వాతి చూపులు ఉన్నాయా లేవా రాయించుకోవాలి. అందాన్ని మార్చడానికి చేసే శస్త్రచికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. వైద్యపరంగా అవసరమని డాక్టరు ధృవీకరిస్తే కంపెనీని ముందే అడిగి చూడవచ్చు. వాయిదాలమీద ఇస్తామన్నారని అప్పు చేయవద్దు. ప్రాణం మీదికి రాని ఆపరేషను పంట చేతికొచ్చేదాకా ఆగుతుంది. ఇవాళ్టితో అయిపోయే రాయితీ మాత్రం మనల్ని ఆలోచించుకోనివ్వకుండా చేయడానికే పెట్టింది.

ఇంకొక్క మాట. పొగతాగేవారు ఆపరేషనుకు కనీసం నాలుగువారాల ముందు మానాలి. లేకపోతే గాయం మానదు, చనుమొన చర్మానికి ముప్పు. మానమని చెప్పకుండా తేదీ ఇచ్చే సర్జను దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలి.

ముగింపు

మిత్రులారా, చెప్పవలసిందంతా కూడితే ఇంతే. కారణం వెతికేవాడు, పట్టా చూపించేవాడు, తేడాలు ముందే చెప్పేవాడు, అవసరమైతే "వద్దు" అనగలిగేవాడు తగిన సర్జను. వాడి గది చల్లగా ఉందా, ఫీజు ఎంత అన్నవి ఆ తర్వాతి సంగతులు.

లెక్చరర్లకు ఒక మనవి. ఆటల పీరియడులో చొక్కా విప్పనివాణ్ణి అందరి ముందూ నిలదీయకండి. విడిగా పిలిచి అడగండి. తల్లిదండ్రులకు ఒక మనవి. కొడుకు ఈ మాట చెప్పడానికి నోరు తెరిచాడంటే ఎన్నో రాత్రులు ఆలోచించే తెరిచి ఉంటాడు. "పెళ్ళయితే అదే పోతుంది" అని తోసిపారేయకుండా పెద్దాసుపత్రికి తోడు వెళ్ళండి.

ఇక హాస్టలు మిత్రులకు. ఎవరైనా బనీను బిగించుకుని, బకెట్టు పట్టుకుని ఆఖరున వెళ్తుంటే పేరు పెట్టకండి. ఈ సావనీరు వాడి టేబులుమీద ఈ పేజీ దగ్గర తెరిచి పెట్టి మీ పని మీరు చూసుకోండి. మిగతాది వాడే చదువుకుంటాడు.